చేతిలో ఈటె, గుండెలో భయం

బుధవారం ప్రార్థన కూటానికి ఇంకా అరగంట ఉందనగా మా సంఘస్థుడొకరు వచ్చి నా బల్లమీద ఒక కవరు పెట్టారు. 'రేపు పొద్దున ఇది ఒకరికి ఇవ్వాలి అయ్యగారూ. మనసు బాగోలేదు, ప్రార్థన చేయండి' అన్నారు. అమీర్‌పేట నుంచి బల్కంపేటకు వచ్చే సందుల్లో కింద టిఫిన్ సెంటరు, పైన కోచింగ్ సెంటరు, ఆ పైన హాస్టలు, అన్నిటికన్నా పైన ఏదో ఒక ఆఫీసు ఉండే భవనాలు మీరు చూసే ఉంటారు. అలాంటి భవనంలో నలభైమంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థకు ఆయన మేనేజరు. కవరులో ఉన్నది ఒక కుర్రాణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని తెలిపే ఉత్తరం. ఆ కుర్రాడూ మా సంఘంవాడే. ఆదివారం ఈయన కూర్చునే బెంచీకి నాలుగు బెంచీల వెనక కూర్చుంటాడు. మందిరంలో ఈయనను 'అన్నా' అంటాడు, ఆఫీసులో 'సార్' అంటాడు. (ఇద్దరి అనుమతితో, కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.)

'ఏం చేశాడు?' అని అడిగాను. ఒక మీటింగులో, ఓనరు కూడా కూర్చొని ఉండగా, ఈయన ఒక పనిని నెలాఖరుకల్లా పూర్తిచేసి ఇస్తామని చెప్పారట. ఆ కుర్రాడు లేచి, 'సార్, ఆ తేదీకి కాదు. ఇప్పటికే మూడు ఆదివారాలు వరసగా పనిచేశాం' అన్నాడట. అంతే. మరుసటి వారం అతన్ని ఆ పనిలోంచి తప్పించారు. ఆ పై వారం ఒక మెమో. తర్వాత మిగతావాళ్లు అతనితో కలిసి భోజనానికి వెళ్లడం మానేశారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లకే అర్థమైంది. ఇప్పుడీ కవరు. పని తీరు బాగోలేదని కారణం. గట్టిగా మాట్లాడితే రిలీవింగ్ లెటరు ఆపుతామని ఒక మాట కూడా పైకి అనకుండా అనేశారు. ఈ ఊళ్లో ఆ కాగితం లేకపోతే ఇంకో ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో అమీర్‌పేటలో ఎవరిని అడిగినా చెబుతారు.

'అతను అన్నది అబద్ధమా?' అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 'అబద్ధం కాదండి. నిజమే. కానీ అందరి ముందు అన్నాడు.' ఆ తర్వాత ఆయనే, నేను అడగకుండానే, అసలు సంగతి బయటపెట్టారు. రెండు నెలల కింద ఓనరు ఈయనకన్నా పదేళ్లు చిన్నవాణ్ణి ఇంకో మేనేజరుగా తెచ్చి పక్క క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఈయనకు రాత్రులు నిద్ర లేదు.

కుర్రాడి మాటకు ఈయన ఇచ్చిన శిక్షకు, పక్క క్యాబిన్‌లోని మనిషికి సంబంధం ఉందని నాకు ఆ క్షణంలోనే తట్టింది. ఉద్యోగి ఒక తేదీ గురించి మాట్లాడాడు. ఈయన చెవికి మాత్రం అది తన కుర్చీ గురించి వినబడింది. బైబిలులో ఇటువంటి చెవులు కలిగిన నాయకులు ఒకరిద్దరు కాదు, చాలామంది ఉన్నారు.

వాళ్లలో అందరికీ తెలిసినవాడు రెహబాము. 1 రాజులు 12వ అధ్యాయాన్ని మనం సాధారణంగా ఇశ్రాయేలు రాజ్యం రెండుగా చీలిన చరిత్రగా చదువుతాం. కానీ ఒకసారి దాన్ని పనివాళ్ల వైపునుంచి చదవండి. సొలొమోను లెబానోను పనికి ముప్పైవేలమందిని వెట్టికి పెట్టాడు. నెలకు పదివేలమంది చొప్పున వంతులవారీగా పంపాడు. ఆ వెట్టి పనికి పై అధికారి అదోనీరాము. జనం తరఫున మాట్లాడడానికి వచ్చిన యరొబాము కూడా పరాయివాడేమీ కాదు, ఒకప్పుడు యోసేపు గోత్రపువారి పనిమీద సొలొమోను పెట్టిన అధికారే. అంటే షెకెములో ఆ రోజు జరిగింది, మన మాటల్లో చెప్పుకోవాలంటే, యాజమాన్యానికీ పనివాళ్లకూ మధ్య చర్చ. వాళ్లు రాజును దిగిపొమ్మనలేదు. బరువు కాస్త తగ్గిస్తే నీకు సేవ చేస్తామన్నారు. రెహబాము మూడు రోజులు గడువు అడిగాడు. అంతవరకు బాగానే ఉంది.

తండ్రి దగ్గర పనిచేసిన పెద్దలు, ఈ రోజు నువ్వు వీళ్లకు దాసుడివైతే వీళ్లు ఎప్పటికీ నీ దాసులుగా ఉంటారని సలహా ఇచ్చారు. రాజుతో పాటు పెరిగినవాళ్లు దానికి నేరుగా వ్యతిరేకమైన సలహా ఇచ్చారు. నీ చిటికెన వేలు నీ తండ్రి నడుముకన్నా లావని చెప్పమన్నారు. ఈ రెండో గుంపును మన తెలుగు బైబిలు యౌవనులంటుంది. మూలభాషలో ఉన్న మాట 'యెలాదీం', అంటే పిల్లలు. అప్పటికి రెహబాముకు నలభై ఒక్క ఏళ్లు! ఆ వయసు మనుషులను లేఖనం 'పిల్లలు' అనడంలో కాస్త వెటకారం ఉందని సెమినరీలో మా గురువుగారు అన్నప్పుడు క్లాసంతా నవ్వాం. ఇప్పుడు నాకు యాభై దాటాక అంత నవ్వు రావడం లేదు.

ఆ చిటికెన వేలు మాటను మళ్లీ చూడండి. అది ప్రజలకిచ్చే జవాబులా ఉంది గాని, నిజానికి తండ్రితో పోల్చుకునే కొడుకు మాట. సొలొమోను అంతటివాడి తర్వాత సింహాసనం ఎక్కాను, వీళ్లు నన్ను చిన్నచూపు చూస్తున్నారేమో, ఇప్పుడు ఒక్క మెట్టు దిగితే రేపు నా మాట ఎవడు వింటాడు... ఇదీ ఆ మాట వెనకున్న భయం. బలవంతుడికి తన వేలు లావెంతో చెప్పుకోవలసిన అవసరం ఉండదు. ఆ తర్వాత రెహబాము చేసిన పని ఇంకా విచిత్రం. కోపంతో రగిలిపోతున్న జనం దగ్గరికి మాట్లాడమని ఎవరిని పంపాడు? ఆ వెట్టి అధికారినే, ఈ అధ్యాయం అదోరాము అని పిలిచే మనిషినే పంపాడు! జనం అతణ్ణి రాళ్లతో కొట్టి చంపారు, రాజు రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు. పది గోత్రాలు మళ్లీ ఆ ఇంటికి తిరిగి రాలేదు.

ఇదంతా ఎప్పటిదో పాత నిబంధన కాలపు సంగతి అనుకోనక్కరలేదు. మా బల్కంపేటకు కూతవేటు దూరంలో, పంజగుట్ట దగ్గరున్న అప్పటి ప్రగతి భవన్ గేట్లు 2019లో ఒక సమ్మెను చూశాయి. ఆ ఏడాది దసరా ముందు, అక్టోబరు 5న, తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలన్నది వాళ్ల డిమాండ్లలో ముఖ్యమైనది. ఆ సాయంత్రం ఆరు గంటలలోగా చేరనివాళ్లు తమను తామే ఉద్యోగంలోంచి తొలగించుకున్నట్టేనని నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రకటించారు. సుమారు 48 వేలమంది ఒక్క పూటలో ఉద్యోగులు కాకుండా పోయారు. 'సెల్ఫ్ డిస్మిస్' అన్న మాట అప్పుడే మన ఇళ్లలోకి వచ్చింది. పనిచేసిన సెప్టెంబరు నెల జీతం కూడా చేతికి రాలేదు. మా సంఘంలో ఒక కండక్టరు కుటుంబం ఉంది. ఆ పండుగ రోజుల్లో వాళ్ల పిల్లలు సండే స్కూలుకు రావడం మానేశారు. కారణం అడిగితే, ఆటో డబ్బులు లేవని చెప్పడానికి ఆ తల్లి పడిన అవస్థ నాకు ఇంకా గుర్తుంది. ఖమ్మం డిపో డ్రైవరు ఒకాయన ఒంటికి నిప్పంటించుకొని అక్టోబరు 13న చనిపోయారు.

సమ్మె 52 రోజులు నడిచింది. నవంబరు 25న కార్మిక నాయకులు విరమించారు. మరునాడు డిపోలకు వెళ్లినవాళ్లను లోపలికి రానివ్వలేదు. 28న ముఖ్యమంత్రి షరతులు లేకుండా చేరవచ్చన్నారు, 29న చేరారు. డిసెంబరు 1న అదే ప్రగతి భవన్‌కు ప్రతి డిపోనుంచి కొందరు కార్మికులను పిలిచి, వాళ్లతో కలిసి భోజనం చేసి, సమ్మెకాలపు జీతం ఇస్తామన్నారు, పదవీ విరమణ వయసు 60 ఏళ్లకు పెంచారు. యూనియన్ నాయకులకు మాత్రం ఆ భోజనానికి పిలుపు లేదు. ఇంకో నాలుగేళ్లకు, 2023 ఆగస్టు 6న, విలీనం బిల్లును శాసనసభ ఆమోదించింది. ససేమిరా కుదరదన్న ప్రభుత్వమే ఆ బిల్లు తెచ్చింది!

ఎవరి హృదయంలో ఏముందో తీర్పు తీర్చడం నా పని కాదు, అది దేవుడొక్కడికే తెలుసు. తప్పంతా ఒకవైపే ఉందని కూడా అనను. వెనక్కి తగ్గితే తమ వెనకున్న కార్మికులేమంటారోనన్న భయం సంఘాల నాయకులకు మాత్రం ఉండదా? వాళ్లదీ ఒక అధికారమే. నష్టాల లెక్కలు కూడా ఊహించుకున్నవి కావు. నేను గమనించింది ఒక్కటే. డిసెంబరు 1న ఒక బల్లచుట్టూ కూర్చొని మాట్లాడుకోగలిగిన మాటలు అక్టోబరు 5న ఎందుకు మాట్లాడుకోలేకపోయారు? డబ్బు ఆ 52 రోజుల్లో పెరగలేదు. మధ్యలో మారింది ఒకటే: ఎవరిది పైచేయి అన్నది తేలిపోయింది. అది తేలాక దయ చూపడం సులభమైంది. మన ఇళ్లలోనూ, ఆఫీసుల్లోనూ, చర్చి కమిటీల్లోనూ జరిగేది ఇదే కదా! ముందు ఎదుటివాడు ఓడిపోవాలి, ఆ తర్వాత అడిగినది ఇస్తాం. అడిగినప్పుడే ఇస్తే మనం ఓడిపోయినట్టు అనిపిస్తుంది. ఈలోగా ఎవరి ఇంట్లో ఏం కూలిపోయిందో లెక్క ఎవరూ రాయరు.

మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు కూడా ఈ సంగతి పట్టుకున్నారు. అమెరికాలో నథానియెల్ ఫాస్ట్, సెరీనా చెన్ అనే ఇద్దరు 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. అధికారం ఉన్నవాళ్లందరూ కటువుగా ప్రవర్తించరట. అధికారం ఉండి, దానికి తాము సరిపోమన్న అనుమానం లోపల ఉన్నవాళ్లే ఎదుటివారిమీద విరుచుకుపడతారట. అదే మనిషికి తన విలువమీద కాస్త నమ్మకం కలిగిస్తే ఆ కటుత్వం తగ్గిపోయిందని కూడా వాళ్లు గమనించారు. ఫాస్ట్ మరికొందరితో కలిసి 2014లో చేసిన ఇంకో పరిశోధనలో, తమ సామర్థ్యంమీద నమ్మకం లేని మేనేజర్లు ఉద్యోగుల సలహాలను అడగడమే మానుకుంటారని తేలింది. నిర్గమకాండము మొదటి అధ్యాయం చదివిన వాళ్లకు ఇది కొత్త కాదు. ఇశ్రాయేలీయులు తమకన్నా ఎక్కువైపోతున్నారని ఫరో ముందు భయపడ్డాడు, ఆ తర్వాతే వెట్టి అధికారులు వచ్చారు. అయిదో అధ్యాయంలో ఆరాధనకు మూడు రోజులు సెలవు అడిగితే, గడ్డి ఇవ్వడం మానేసి ఇటుకల లెక్క మాత్రం తగ్గించకుండా, వీళ్లు సోమరులని ముద్ర వేశాడు. 'పని తీరు బాగోలేదు' అనే మెమో ఎంత పాతదో చూడండి!

ఇంతవరకు రాజుల గురించి, ముఖ్యమంత్రుల గురించి రాశాను. పాస్టర్ల సంగతేమిటని మీరు అడగవచ్చు. అడగాలి కూడా.

చాలా ఏళ్ల కింద, నేను వేరే సంఘంలో ఉన్నప్పుడు, నాకు సహాయంగా ఒక యువ సేవకుణ్ణి పంపారు. మంచి గొంతు, మంచి వాక్చాతుర్యం. మూడో నెలలోనే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తలుపు దగ్గర నిలబడి అందరికీ చేయి కలుపుతుంటే, ఒక ముసలమ్మ నా చేయి పట్టుకొని, 'ఇంతకాలానికి వాక్యం అర్థమయ్యేలా విన్నాను నాయనా, ఆ పిల్లవాడిని మన దగ్గరే ఉంచండి' అంది. ఆమె ఏ దురుద్దేశంతోనూ అనలేదు. నేను నవ్వి 'దేవునికి స్తోత్రం' అన్నాను. ఆ మరుసటి నెలనుంచి అతనికి ఆదివారం ఉదయం ప్రసంగం తప్పించి, నెలలో రెండో ఆదివారం సాయంత్రపు కూటం ఇచ్చాను. కారణం కూడా సిద్ధం చేసుకున్నాను: యౌవనస్థుల పరిచర్యకు అతని అవసరం ఎక్కువగా ఉందని కమిటీకి చెప్పాను. కొంతకాలానికి అతనికి బిడ్డ పుట్టి, జీతం చాలడం లేదని నా దగ్గరకు వచ్చి వినయంగానే అడిగాడు. నేను అతనికి విశ్వాసం గురించి వాక్యం చెప్పి పంపాను. నా జీతం కమిటీతో మాట్లాడుకున్నప్పుడు మాత్రం నేను విశ్వాసం గురించి ఎత్తలేదు. ఏడాది తిరగకముందే అతను వేరే జిల్లాకు వెళ్లిపోయాడు. నేను అతని వీడ్కోలు కూటంలో చాలా చక్కగా మాట్లాడాను.

ఫిలిష్తీయుని చంపి దావీదు తిరిగొస్తున్న రోజు స్త్రీలు పాడిన పాటలో సౌలుకు వేలు, దావీదుకు పదివేలు దక్కాయి. ఆనాటినుంచి సౌలు దావీదుమీద కన్ను వేశాడని 1 సమూయేలు 18లో రాసి ఉంది. ఆ అధ్యాయంమీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు, ఆ ముసలమ్మ మాట మాత్రం నాకు అందులో ఒక్కసారి కూడా వినబడలేదు. నన్ను కుదిపింది ఆ తర్వాత వచ్చే 22వ అధ్యాయం. సౌలు ఒక చెట్టు కింద కూర్చున్నాడు. సేవకులందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. మీరంతా నామీద కుట్ర చేశారు, ఏం జరుగుతోందో నాకు ఒక్కడూ చెప్పడు, నా గురించి చింతపడేవాడే లేడని వాపోతున్నాడు. అప్పుడు అతని చేతిలో ఏముంది? ఈటె! అంతకుముందు దావీదుమీద విసిరిందీ ఈటే, కన్న కొడుకు యోనాతానుమీద విసిరిందీ ఈటే. మీటింగులో కూర్చొని 'ఎవరైనా, ఏదైనా ఉంటే నిర్మొహమాటంగా చెప్పండి' అని అడిగే పెద్దలు చాలామంది ఉన్నారు. ఎదుటివాళ్లు మాత్రం మనం అడిగే ప్రశ్నను వినరు, మన చేతిలో ఉన్నదాన్ని చూస్తారు. ఎవరూ నోరు విప్పకపోతే సమస్యలు లేవనుకుంటాం. ఆ రోజు సౌలు ముందు నోరు తెరిచినవాడు ఒక్కడే, ఎదోమీయుడైన దోయేగు. అతను చెప్పిన కబురువల్ల ఎనభై అయిదుగురు యాజకులు చచ్చిపోయారు. భయపడే నాయకుడి చెంతకు నిజం చెప్పేవాళ్లు రారు, దోయేగులు వస్తారు.

ఇందుకు పూర్తి భిన్నంగా ఉండేది యోబు 31వ అధ్యాయం. యోబు తన నిర్దోషత్వాన్ని ఒక్కొక్కటిగా ప్రమాణం చేసి చెప్పుకునే చోట, ఒక విచిత్రమైన విషయం పెట్టాడు. తన పనివాడుగాని పనికత్తెగాని తనతో వ్యాజ్యెమాడినప్పుడు వాళ్ల న్యాయాన్ని తాను తోసిపుచ్చలేదట. పనివాళ్లు యోబుతో వాదించేవారన్నమాట! దాసులు నోరెత్తడానికి హక్కులేని ఆ కాలంలో, ఊజు దేశంలో అంత గొప్ప ఆస్తిపరుడి ఎదుట నిలబడి, ఇది న్యాయం కాదని అనగలిగేవారు. అతను అందుకు ఇచ్చిన కారణం మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఉండదు. గర్భంలో నన్ను చేసినవాడే వాణ్ణీ చేశాడు, దేవుడు లేచి అడిగితే నేనేం జవాబివ్వాలి అంటాడు. యోబుకు తనపైన ఇంకొకరు ఉన్నారన్న ఎరుక ఉంది. అందుకే కిందివాడి ప్రశ్న అతన్ని కూలదోయలేదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6:9లో పౌలు యజమానులను బెదిరించడం మానమన్నప్పుడు చెప్పిన కారణమూ ఇదే: ఇద్దరికీ పరలోకంలో ఒకే యజమాని.

ఆదిసంఘం కూడా ఈ పరీక్ష రాసింది. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు దాన్ని తమ అధికారంమీద తిరుగుబాటు అనుకోవచ్చు. మొన్నటిదాకా మీ ఆస్తులు అమ్మి మా పాదాల దగ్గర పెట్టారు, ఇప్పుడు లెక్కలడుగుతారా అనవచ్చు. (మన సంఘాల్లో లెక్కలడిగినవాళ్లకు ఏం జవాబు వస్తుందో మీకు తెలుసు.) వాళ్లు అలా అనలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమని సంఘానికే అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే! ఫిర్యాదు చేసినవాళ్ల వైపునుంచే మనుషులను ఎన్నుకొని, వాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. అపొస్తలుల అధికారం దానివల్ల ఏమీ తరగలేదు. వాక్యం ఇంకా ప్రబలిందని లూకా రాశాడు.

ఆ బుధవారం నేను మా మేనేజరుగారికి ఇవేవీ చెప్పలేదు. యోహాను 13వ అధ్యాయం తెరిచి, మూడో వచనం చదవమన్నాను. పాదాలు కడిగిన సంగతి ఆయనకు కంఠతా వచ్చు, అది నాలుగో వచనంనుంచి మొదలవుతుంది. మూడో వచనాన్ని మనం గబగబా దాటేస్తాం. తండ్రి అన్నిటినీ తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గరనుంచి వచ్చి దేవుని దగ్గరకే వెళ్తున్నాననీ యేసుకు తెలుసు. అది తెలిసి ఆయన లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు కట్టుకున్నాడు. కుర్చీ ఎవరిచ్చారో, చివరికి ఎక్కడికి పోతామో తెలిసినవాడే కుర్చీలోంచి లేవగలడు. అది తెలియనివాడు, పళ్లెంలో నీళ్లు పోసినా అందులో తన ముఖమే చూసుకుంటాడు.

ఆయన ఆ వచనాన్ని రెండుసార్లు చదివి, కవరు జేబులో పెట్టుకొని, 'మరి రేపు ఇవ్వకపోతే ఓనరు నన్నే తీసేస్తారేమో అయ్యగారూ' అన్నారు. అది దొంగమాట కాదు. ఆయనకు ఇంటి లోను ఉంది, ఇంటర్ చదివే కూతురు ఉంది. 'తీసేయవచ్చు' అన్నాను. ఇంకే ధైర్యం చెప్పడానికి నాకు హక్కు లేదనిపించింది. ఇద్దరం మోకరించి ప్రార్థన చేశాం.

ఆ ఉత్తరం ఆయన ఇవ్వలేదు. కుర్రాణ్ణి కిందకు తీసుకెళ్లి టీ తాగుతూ క్షమాపణ అడిగారు. పని తేదీని ఓనరుతో మాట్లాడి పదిరోజులు జరిపించారు. అయినా ఆ కుర్రాడు ఉండలేదు. నెల తిరక్కుండా మాదాపూర్‌లో ఇంకో ఉద్యోగం చూసుకున్నాడు. 'అన్నమీద కోపం లేదు పాస్టరుగారూ, కానీ అక్కడ ఆ రెండు నెలలు అందరూ నన్ను చూసిన చూపు మరిచిపోలేకపోతున్నాను' అన్నాడు. రిలీవింగ్ లెటరు మాత్రం ఈయనే స్వయంగా టైపు చేసి ఇచ్చారు. పక్క క్యాబిన్‌లోని మేనేజరు ఇంకా అక్కడే ఉన్నాడు. ఈయనకు నిద్ర పడుతోందో లేదో నేను అడగలేదు.

ఆ రాత్రి కూటం అయ్యాక నేను ఇంటికొచ్చి, పాత డైరీలో ఒక నంబరు వెతికాను. అది పనిచేయలేదు. ఇద్దరు ముగ్గురిని అడిగి కొత్త నంబరు సంపాదించడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటిసారి చేస్తే ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, నా గొంతు గుర్తుపట్టి, 'అయ్యగారూ, బాగున్నారా? అమ్మగారు ఎలా ఉన్నారు?' అన్నాడు. ఆనాడు పుట్టిన బిడ్డ ఇప్పుడు డిగ్రీ చదువుతోందట. దాదాపు గంటసేపు మాట్లాడుకున్నాం. ఎక్కువసేపు అతనే మాట్లాడాడు.